బుధవారం నాటి దిక్కు

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన డెప్యూటీ మోటెల్ గది గుమ్మంలో నిలబడి అనంతలక్ష్మిని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. డెప్యూటీకి యాభై దాటి ఉంటాయి. ఎండకు కమిలిన మొహం, నడుముకు తుపాకీ. ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా దేని గురించో అనంతలక్ష్మికి తెలుస్తూనే ఉంది. మేనకోడలు బిందుమాధవి అదే ప్రశ్నను తెలుగులో మళ్లీ అడిగింది.

"అత్తా, డాడీ ఏ ప్లేస్‌కి వెళ్తున్నా అన్నాడు? లాస్ట్‌లో చూసింది నువ్వే కదా. థింక్ చేసి చెప్పు."

ఆలోచించడానికి ఏముంది? తెల్లవారుజామున అన్నయ్య కారు తాళాలు పట్టుకుని గుమ్మం దాటుతున్నప్పుడు ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న అదే. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె ఎవర్నీ అడగలేదు. తండ్రిని అడగలేదు, ముప్పై ఏళ్లు కాపురం చేసిన భర్తను అడగలేదు. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అనాలి. అంతవరకే మర్యాద.

ఈ రోజు కూడా అదే అడిగింది.

"దూరమా అన్నయ్యా?"

"దగ్గరేలే. పదింటికల్లా నీ ముందుంటా. బిందు లేస్తే గొడవ చేస్తుంది, చెప్పకు."

నరసింహానికి డెబ్బై మూడేళ్లు. నెల్లూరు జిల్లాలో కాలవల శాఖలో సర్వేయరుగా పని మొదలుపెట్టి, ఇరవై ఆరో ఏట అమెరికా వచ్చి, న్యూజెర్సీ రోడ్లన్నీ కొలిచి రిటైరైన మనిషి. మూడేళ్ల కింద భార్య పోయాక ప్లెయిన్స్‌బరో ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. అన్నయ్యకు తోడుగా ఆరు నెలలుండి పోదామని అనంతలక్ష్మి నెల్లూరు నుంచి వచ్చింది. వచ్చేసరికి అన్నయ్య ఒంటరిగా లేడు. పదిహేడు మంది చచ్చిపోయిన మనుషులతో కాపురం చేస్తున్నాడు.

ఆ పదిహేడు మందిని విట్‌లాక్ దండు అనేవాడు. నూట డెబ్బై ఏళ్ల కిందట రైలు దారి కోసం నెవాడా ఎడారిని కొలవడానికి వచ్చిన సర్వే బృందం అది. పటంలో చెరువు ఉందని నమ్మి దానికేసి నడిచారు. వెళ్లి చూస్తే అక్కడున్నది ఉప్పు తప్ప నీళ్లు లేని బయలు. ఒక్కరూ తిరిగి రాలేదు. నరసింహం ఎక్కడో పాత పుస్తకాల అమ్మకంలో వాళ్ల గురించి తర్వాత ఎవరో రాసిన నివేదిక కొన్నాడు. రాత్రీ పగలూ అదే చదివాడు.

"పన్నెండు మంది పేర్లే ఉన్నాయి అనంతం. మిగతా అయిదుగురూ కొలత గొలుసు లాగినవాళ్లు. వాళ్ల పేర్లు ఎవడూ రాసుకోలేదు," అనేవాడు అన్నం ముందు కూర్చుని. "నేను మా పెంచలయ్య పేరు రాశాను, మస్తానయ్య పేరు రాశాను. ప్రతి ఫీల్డ్ బుక్కులో రాశాను. నువ్వు చూశావుగా."

చూసింది. అన్నయ్య ఉదయగిరి వైపు కొండల్లో క్యాంపు వేసుకుని ఉన్నప్పుడు పదహారేళ్ల అనంతలక్ష్మే వంట చేసి పెట్టింది.

ఈ దండు మజిలీలు నాలుగున్నాయనీ, తన కాళ్లతో అక్కడ నిలబడాలనీ ఆయన పట్టుబట్టాడు. జెర్సీ సిటీలో ఉద్యోగం చేసుకుంటున్న బిందుమాధవి చివరికి వారం సెలవు పెట్టి ఇద్దర్నీ తీసుకొచ్చింది. సోమవారం పడమటి వైపున్న పేర్లు చెక్కిన బండ చూశారు. మంగళవారం తూర్పున బండి చక్రాల గాడులు చూశారు. ఆ సాయంత్రం బిందుకు ఎండదెబ్బకు వాంతులయ్యాయి.

"చాలు డాడీ. రేపు రెస్ట్, ఎల్లుండి ఫ్లైట్. మిగతా రెండూ యూట్యూబ్‌లో చూడు," అంది పక్క మీద పడుకుని.

"యూట్యూబ్‌లో కాలు పెట్టలేం కదమ్మా," అన్నాడాయన. పెద్దగా వాదించలేదు. అప్పుడే అనంతలక్ష్మికి అనుమానం రావలసింది.

తెల్లవారి నాలుగున్నరకు ఆయన ఆమె పక్కకు వచ్చి భుజం తట్టాడు. రెండు నీళ్ల సీసాలు, ఫ్లాస్కులో కాఫీ, నోటు పుస్తకం సిద్ధంగా ఉన్నాయి. "లే. బయటికెళ్లి ఓసారి ఎదురు రా," అన్నాడు.

ఇది ఆయన చాదస్తం. అనంతలక్ష్మి భర్త పోయిన ఏడాది ఇంట్లో పెళ్లి ప్రయాణానికి అందరూ ఆమెను గదిలో కూర్చోబెడితే, సెలవు మీద వచ్చిన అన్నయ్య చూసి మండిపడ్డాడు. అప్పటినుంచి ఎక్కడికి బయల్దేరినా చెల్లెలు ఎదురొస్తే తప్ప కదిలేవాడు కాదు. ఫోన్‌లో కూడా, "ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తున్నా, ఓ మాట మాట్లాడు" అనేవాడు. ఆమె వద్దంటూనే సంతోషపడేది. ఈ ఉదయం చీకట్లో కారు పార్కింగ్ దాకా నడిచి, వెనక్కు తిరిగి, చేతులు కట్టుకుని ఎదురొచ్చింది. ఆయన నవ్వుతూ కారెక్కాడు. విధవ మనిషి ఎదురురావడమే ఎక్కువ, ఆ మీద ఎక్కడికని కూడా అడగాలా అనుకుంది. నోరు మూసుకుంది.

పది అయింది. పదకొండయింది. బిందు తలనొప్పి మాత్ర వేసుకుని నిద్రపోతోంది. అనంతలక్ష్మి కిటికీ తెర పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడింది. పన్నెండింటికి ఇక ఆగలేక లేపింది. బిందు ఫోన్ చేస్తే అవతల మోగలేదు. ఆ ఎడారిలో సిగ్నల్ ఉండదని మోటెల్ వాడు చెప్పాడు. అప్పుడు పోలీసులకు చేసింది. పిస్కాటవేలో ఉన్న తమ్ముడు రవికి చేసింది. వాడు ఏ విమానం దొరికితే అది ఎక్కుతానన్నాడు.

ఇదిగో, ఇప్పుడు డెప్యూటీ గుమ్మంలో ఉంది. బిందు ఆమె మాటల్ని ఒక్కొక్కటే తెలుగు చేసి చెప్పింది. బయట వేడి నూట పన్నెండు ఫారెన్‌హీట్, మన లెక్కలో నలభై నాలుగు. ఆ వయసు మనిషి రెండు సీసాల నీళ్లతో సాయంత్రం దాకా ఉంటే గొప్ప. హెలికాప్టర్ ఎక్కడో అడవి మంటల దగ్గరుంది, ఆరింటికి ముందు రాదు. రెండో వాహనం హైవే మీద యాక్సిడెంట్ దగ్గరుంది. ఉన్నది ఈమె ట్రక్కు ఒక్కటే. మిగిలిన మజిలీలు రెండు. ఉత్తరాన మేరీ వెల్ అనే పాడుబడ్డ బావి, దక్షిణాన బోన్ లేక్ అనే ఎండిపోయిన చెరువు. ఇక్కణ్నుంచి ఒకటి అటు గంటంబావు, ఒకటి ఇటు గంటంబావు.

"ఒక్కదానికే ముందు వెళ్లగలం అత్తా. ఏది? ప్లీజ్."

నేను అడగలేదమ్మా. రెండు మాటలు. అవి నాలుక మీదికి రాలేదు. మొన్నటి నుంచీ బిందు ఆమెను అంటూనే ఉంది, నువ్వే డాడీని ఎంకరేజ్ చేస్తున్నావని, ఆయన ఏం చేసినా నో అనవని. చీకట్లో ఎదురొచ్చి మరీ సాగనంపాను, ఎక్కడికో మాత్రం అడగలేదు అని ఈ పిల్ల ముందు, ఈ తుపాకీ మనిషి ముందు ఎలా చెప్పడం? పైగా రాత్రంతా అన్నయ్య మేరీ వెల్ గురించే మాట్లాడాడు కదా. దండు నీళ్లు దొరికాయని పండగ చేసుకున్న చోటు అదేననీ, రాళ్ల వరస ఇంకా అలాగే ఉందనీ. ఆ పేరుకు నోరు తిరగడం కూడా తేలిక.

"మేరీ వెల్," అంది.

"షూర్?"

"ఊ. మేరీ వెల్ అన్నాడు."

డెప్యూటీ తలూపి ట్రక్కు వైపు పరుగులాంటి నడక నడిచింది.

అనంతలక్ష్మిని వెనక సీట్లో కూర్చోబెట్టారు. మధ్యలో ఇనుప జాలీ ఉంది, ఖైదీల కోసం కాబోలు. ఊరు రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత రోడ్డు, దాని రెండు పక్కలా మనిషి మోకాలెత్తు బూడిదరంగు పొదలు, దూరాన చెట్టూ చేమా లేని కొండలు. కనుచూపు మేరలో నీడ అన్నది లేదు. ఆమె కళ్లు ప్రతి పొదనూ తడుముతున్నాయి. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాడు. తెల్లగా ఏది మెరిసినా కిటికీ అద్దానికి మొహం ఆనించి చూస్తోంది. అవి ఉప్పు మరకలు.

అరగంట పోయాక వెనక అద్దంలోంచి ఎండ వీపు మీద చురుక్కుమంటోందని గమనించింది. ఎండ వెనకుంది. అంటే ముందుకు పోతున్నది ఉత్తరానికి. ఆ సంగతి డెప్యూటీ ముందే చెప్పింది, ఉత్తరాన మేరీ వెల్ అని. చెప్పినప్పుడు చెవిని పడింది తప్ప మనసులోకి దిగలేదు.

ఈ రోజేం వారం? సోమవారం బండ, మంగళవారం గాడులు. ఈ రోజు బుధవారం.

ఉదయగిరి క్యాంపులో ఓ బుధవారం పొద్దున పెంచలయ్య గొలుసు కింద పెట్టేశాడు. "సామీ, బుధారం ఉత్తరం శూల. ఈ పొద్దు అటు గొలుసు సాగదు," అన్నాడు. ఇరవై మూడేళ్ల అన్నయ్య వాణ్ని నానా మాటలూ అని, కూలీలను అదిలించి ఉత్తరానికే కొలత సాగించాడు. మనసులేని పని. ఎవడో ఒక గొలుసు లెక్క మరిచిపోయాడు. మూడు రోజుల కొలతా తప్పి మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ రాత్రి అన్నయ్య క్యాలెండరు ముందు వేసుకుని ఏ వారం ఏ దిక్కు పనికిరాదో పెంచలయ్యను అడిగి రాసుకున్నాడు. సోమ, శనివారాలు తూర్పు. మంగళ, బుధవారాలు ఉత్తరం. గురువారం దక్షిణం. శుక్ర, ఆదివారాలు పడమర.

"నమ్మకం అని కాదు అనంతం. గొలుసు పట్టేవాడి మనసు కుదరకపోతే కొలత కుదరదు," అన్నాడు.

తర్వాత అది ఆయనకే అలవాటైపోయింది. న్యూజెర్సీలో రోడ్డు కొలిచినా శూల దిక్కున పని మొదలుపెట్టేవాడు కాదు. అక్కడ గొలుసులు లేవు, పెంచలయ్య లేడు, అయినా. మొన్న సోమవారం తూర్పుకు పోలేదు, పడమరకే పోయారు. నిన్న మంగళవారం ఉత్తరాన్ని వదిలేసి తూర్పుకు పోయారు. ఈ రోజు ఉత్తరానికి వెళ్లనే వెళ్లడు. బుధవారం దక్షిణం చూసి, గురువారం విమానం లోపు ఉత్తరం చూడాలని మనసులో పెట్టుకునే ఉంటాడు.

అన్నయ్య బోన్ లేక్‌లో ఉన్నాడు.

ఆమె ముందుకు వంగి జాలీ పట్టుకుంది. డెప్యూటీ రేడియోలో ఎవరితోనో మాట్లాడుతోంది. మాట్లాడడం అయ్యేదాకా ఆగింది. ఇప్పుడు చెబితే అరగంటే నష్టం, వెనక్కు తిరిగితే ఇంకో అరగంట, అంతే, ఇంకా ఏం మించిపోలేదు అనుకుంది. నోరు తెరిచింది.

అప్పుడే బిందు వెనక్కు తిరిగింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "థాంక్ గాడ్ నువ్వు అడిగావ్ అత్తా," అంది. "నేను స్టుపిడ్‌లాగా నిద్రపోయా. నువ్వు అడక్కపోతే ఎక్కడని వెతుకుతాం?"

అనంతలక్ష్మి జాలీ వదిలేసింది.

ఒకవేళ మేరీ వెల్‌కే వెళ్లాడేమో. ఎన్నో ఏళ్లయింది, ఈ రోజు శూల సంగతే మరిచిపోయాడేమో. అక్కడ చెట్టు కింద కూర్చుని, "ఏమే, ఇంత ఆలస్యమా" అంటాడేమో. చెట్టు లేదని తెలుసు. అయినా ఆ మాటే పట్టుకుని వేలాడింది. మైలురాయి తర్వాత మైలురాయి పోతోంది. ప్రతి రాయి దగ్గరా ఇప్పుడు చెప్పాలి అనుకుంది. ప్రతి రాయీ దాటాక ఇంత దూరం వచ్చాం, ఇక చూసే పోదాం అనుకుంది. మనిషి తన అన్నను తనే చంపుకుంటూ ఇంత నిశ్శబ్దంగా కూర్చోగలదని ఆమెకు అంతకుముందు తెలియదు.

మేరీ వెల్ చేరేసరికి మూడు కావస్తోంది. గుండ్రంగా పేర్చిన రాళ్లు, చుట్టూ ఇనుప గొట్టాల కంచె, ఒక లోహపు పలక. మట్టి దారి మీద గాలికి సర్దుకున్న ఇసుక గీతలు చెదరకుండా ఉన్నాయి. కారు చక్రాల జాడ లేదు. కొన్నాళ్లుగా అక్కడికి ఎవరూ వచ్చినట్టే లేదు. డెప్యూటీ సైరన్ మోగించింది. ఆ చప్పుడు కొండలకు తగిలి తిరిగి వచ్చింది.

"డాడీ," అని బిందు అరిచింది. కంచె చుట్టూ తిరిగి మళ్లీ అరిచింది.

"ఇక్కడ లేడమ్మా," అంది అనంతలక్ష్మి.

"నీకెలా తెలుసు?"

"నాతో ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు."

బిందు ఆమె మొహంలోకి చూసింది. అర్థం కానట్టు చూసింది. "వాట్ డూ యూ మీన్ అడగలేదు? నువ్వు చెప్పావ్ కదా, మేరీ వెల్ అన్నాడని."

"అబద్ధం చెప్పాను. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదని అడగలేదు. ఆ మాట నీకు చెప్పలేక..."

"అత్తా, ఆయనకి సెవెంటీ త్రీ."

"దక్షిణానికి పోయాడు బిందూ. బుధవారం మీ నాన్న ఉత్తరానికి వెళ్లడు. పదమ్మా, తిట్టుకుంటూ పోదాం, పద."

"ఏంటి బుధవారం? ఏం మాట్లాడుతున్నావ్ నువ్వు?"

అనంతలక్ష్మి చెప్పింది. పెంచలయ్య గొలుసు గురించి, క్యాలెండరు గురించి, సోమవారం తూర్పు మానేసి పడమర, మంగళవారం ఉత్తరం మానేసి తూర్పు పోవడం గురించి. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బిందు వింటూ తల పట్టుకుంది. "ఈవిడకి నేనిది ఎలా చెప్పాలి? మా నాన్న వెడ్నెస్‌డే నార్త్‌కి డ్రైవ్ చేయడని చెప్పాలా?"

"అలాగే చెప్పు."

బిందు అలాగే చెప్పింది. చెబుతూ సిగ్గుతో ఏడ్చింది. డెప్యూటీ నవ్వలేదు. రెండు ప్రశ్నలు అడిగింది. మొదటి రోజు పడమరకే వెళ్లారా? రెండో రోజు తూర్పుకేనా? అవునని బిందు అంది. "మా తాత కూడా అంతే, శుక్రవారం కొత్త గొయ్యి తవ్వడం మొదలుపెట్టేవాడు కాదు," అందట డెప్యూటీ, ట్రక్కు స్టార్ట్ చేస్తూ. అనంతలక్ష్మి వైపు మాత్రం ఆమె మళ్లీ చూడలేదు.

తిరుగు దారంతా బిందు ముందు అద్దంలోంచి రోడ్డునే చూసింది. సగం దారిలో, వెనక్కు తిరక్కుండానే అంది. "హాఫ్‌వేలో చెప్పి ఉండొచ్చు కదా. ఎప్పుడు తెలిసింది నీకు?"

అనంతలక్ష్మి జాలీకి దగ్గరగా జరిగింది.

"ఎప్పుడు తెలిసింది అత్తా?"

"నువ్వు థాంక్ గాడ్ అన్నావు చూడు. దానికి ముందే."

బిందు చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది. తాగలేదు. అన్నయ్య రెండు సీసాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. కాఫీ ఫ్లాస్కు అందించిన తన చేతులు విరిచేసుకోవాలని అనంతలక్ష్మికి అనిపించింది. ఎండలో పోయే మనిషికి ఎవరైనా కాఫీ ఇస్తారా. ఇంకో నాలుగు సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. అవి చేతిలో పెట్టాలని తోచలేదు.

మోటెల్ దాటి, ఊరు దాటి, ఈసారి ఎండను కుడి పక్కన పెట్టుకుని పోయారు. బోన్ లేక్ అయిదున్నరకు కనిపించింది. ముందు అది నిజంగా చెరువే అనిపించింది. నీళ్లు కదులుతున్నట్టు మెరిసింది. దగ్గరికి పోయేకొద్దీ నీళ్లు వెనక్కు జరిగి తెల్లటి నేల మిగిలింది. ఉప్పు పైన పెంకు కట్టి పగిలిన నేల.

కారు ఆ తెల్ల నేల మధ్య ముక్కు కిందికి వంచి నిలబడి ఉంది. ముందు చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. పైన పెంకు గట్టిగా కనిపిస్తుంది గానీ కింద బురదేనని డెప్యూటీ అంది. చక్రాల కింద కారు లోపలి చాపలు తోసి ఉన్నాయి. జాకీ పక్కన పడి ఉంది. చేతులతో తవ్విన గుంట ఉంది. గంటలకొద్దీ పెనుగులాడాడు. లోపల ఎవరూ లేరు. ఖాళీ సీసాలు రెండూ సీటు మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

ముందు అద్దానికి నోటు పుస్తకం కాగితం ఒకటి అంటించి ఉంది. బిందు చదివింది. "పదకొండు ఇరవై. తూర్పు రోడ్డుకు నడుస్తున్నాను. నాలుగున్నర మైళ్లు. బిందూ, సారీ." కింద సంతకం, తారీఖు, ఫీల్డ్ బుక్కులో పెట్టినట్టే.

తూర్పు వైపు ఉప్పు మీద అడుగుజాడలు తిన్నగా పోతున్నాయి. నూరడుగులకోసారి ఆయన ఉప్పు పెళ్లలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి గుర్తు పెట్టుకుంటూ పోయాడు, తప్పిపోతే వెనక్కి రావడానికో, వెతికేవాళ్లకు దారి చెప్పడానికో. ట్రక్కు దిగబడుతుందని డెప్యూటీ నీళ్లు భుజాన వేసుకుని ఆ గుర్తుల వెంట నడిచింది. వాళ్లిద్దరూ వెనకే నడిచారు. అనంతలక్ష్మి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, రెండడుగులకోసారి తూలుతూ, గుర్తులు లెక్కపెట్టింది. పదమూడింటి దాకా మూడేసి పెళ్లలున్నాయి. పద్నాలుగో దాని నుంచి రెండేసి. ఇరవై దాటాక ఒక్కొక్కటే, అదీ గుర్తుగా పెట్టింది కాదు, కాలితో పక్కకు తోసినట్టుంది. ఆ తర్వాత ఏమీ లేవు. అడుగులు మాత్రం తిన్నగానే పోయాయి, కొంత దూరం. తర్వాత అవీ వంకర తిరిగాయి.

డెప్యూటీ చేయి పైకెత్తి వాళ్లను ఆగమంది. ఒక్కతే ముందుకు పోయింది.

చెరువు గట్టున మొదటి పొద దగ్గర తెల్ల చొక్కా ఉంది. చొక్కా తల మీద కప్పుకుని ఉన్నాడు. డెప్యూటీ మోకాళ్ల మీద కూర్చుంది. మెడ పట్టి చూసింది, మణికట్టు పట్టి చూసింది, చాలాసేపు చూసింది. లేచి టోపీ తీసింది.

బిందు పరిగెత్తింది. అనంతలక్ష్మి పరిగెత్తలేదు. నడుచుకుంటూ వెళ్లి అన్నయ్య కాళ్ల దగ్గర కూర్చుంది. బూట్లు తెల్లగా ఉప్పు పట్టి ఉన్నాయి. తల మీంచి తీసిన చొక్కా జేబులో పెన్ను ఉంది. మొహం నిద్రపోతున్నట్టు లేదు. ఎవరో పిలుస్తుంటే వినడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంది.

బిందు ఏడుపు మధ్య డెప్యూటీని ఏదో అడిగింది. డెప్యూటీ గొంతు తగ్గించి సమాధానం చెప్పింది. పొడుగాటి సమాధానం. యాసలో మాటలన్నీ కలిసిపోయాయి. కానీ మధ్యలో ఒక మాట అనంతలక్ష్మికి స్పష్టంగా వినిపించింది. టూ అవర్స్. నెల్లూరులో బస్సు దగ్గరా, ఆసుపత్రి దగ్గరా, కరెంటు పోయినప్పుడూ అందరూ అనే మాటే.

బిందు వచ్చి పక్కన కూర్చుంది. చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకుంది.

"పొద్దున్నే పోయాడంట అత్తా," అంది. "నడవడం స్టార్ట్ చేసిన కాసేపటికే. మనం ఎక్కడికి ముందు వెళ్లినా... ఇట్ వుడ్ నాట్ మ్యాటర్. వింటున్నావా? నీ వల్ల కాదు."

అనంతలక్ష్మి ఆ పిల్ల మొహం చూసింది. ఇంతసేపూ ఆమెను కాల్చేస్తున్న కోపం ఆ మొహంలో ఇంకా ఉంది. దాని మీద కప్పడానికి ఈ మాటను ఎక్కణ్నుంచో మోసుకొచ్చింది. ఒంటిగంటన్నరకు బయల్దేరారు. ఇటే వచ్చి ఉంటే మూడింటికి కారు దగ్గరుండేవాళ్లు, మూడుంబావుకు ఈ పొద దగ్గర. ఇప్పుడు ఆరవుతోంది. లెక్క చిన్నపిల్లలకు కూడా వస్తుంది.

"అలాగేనమ్మా," అంది. బిందు తల ఒళ్లోకి తీసుకుంది.

హెలికాప్టర్ ఆరుంబావుకు వచ్చింది. మరో ఇద్దరు మనుషులు దిగారు. ఏవో కాగితాలు, ఏవో ఫొటోలు. అన్నయ్యను వాళ్లు గుడ్డలో చుట్టి మోసుకెళ్లారు. తిరిగి ట్రక్కెక్కేసరికి కొండల నీడలు పొడుగయ్యాయి. ఈసారి డెప్యూటీ ఆమెను కూడా జాలీకి ఇవతల, ముందు సీట్లోనే బిందు పక్కన ఇరికించి కూర్చోబెట్టింది.

హైవే చేరగానే ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. ఒకదాని వెనక ఒకటి మెసేజులు మోగాయి. అన్నీ రవివే. డెన్వర్‌లో విమానం మారుతున్నాడు. బిందు ఫోన్ చేసింది.

"రవీ, దొరికాడు. డాడీ... లేడురా. నో, నో, ఇవాళ మార్నింగే. ఎర్లీ మార్నింగ్. మనం ఏం చేసినా..."

అనంతలక్ష్మి చేయి చాపింది. "ఇటివ్వు."

బిందు అడ్డంగా తలూపింది. ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది. "వద్దు అత్తా. వాడికి ఇది చాలు."

"చాలదు. ఇటివ్వమ్మా."

కాసేపు ఇద్దరి చేతులూ ఫోన్ మీదే ఉన్నాయి. తర్వాత బిందు వదిలేసింది.

"రవీ, నేను అత్తను," అంది అనంతలక్ష్మి. "అక్క నన్ను కాపాడాలని అలా చెబుతోంది. పొద్దున పోలేదు నాయనా. మధ్యాహ్నం నాలుగు దాకా ఉన్నాడు. దారి కోసం చూస్తూ ఉన్నాడు. ఎక్కడని వాళ్లు నన్ను అడిగితే, తెలియదని చెప్పకుండా వేరే చోటు చెప్పాను. దారిలో తెలిసింది. అప్పుడు కూడా చెప్పలేదు. ఆ మూడు గంటలూ నేను తీసుకున్నవే."

పెట్టేశాడేమో అనుకుని ఆగింది. విమానాశ్రయం చప్పుడు వినిపిస్తోంది, ఎవరో ఏవో ఊళ్ల పేర్లు చదువుతున్నారు. దాని వెనక వాడి ఊపిరి వినిపించింది. బిందు కిటికీ వైపు మొహం తిప్పుకుని ఆమె మోకాలి మీద చేయి వేసింది.

"మొదటి నుంచి చెబుతాను, విను," అంది అనంతలక్ష్మి. "తెల్లవారి నాలుగున్నరకు నన్ను లేపాడు."